పేర్లు కొట్టిన గిన్నెలు

“మా నీరజకి వంటంటే ప్రాణమండీ” అన్న మాట ఆ ఇంట్లో మొదట ఎవరన్నారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. పెళ్ళైన కొత్తలో ఏదో ఒక సాయంత్రం చుట్టాలెవరో వచ్చి గుత్తొంకాయ కూర బాగుందంటే, అత్తగారో మామగారో మొగుడో పొంగిపోయి అనేసి ఉంటారు. అన్నవాళ్ళు మర్చిపోయారు గానీ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇరవై ఒక్కేళ్ళుగా జగ్గయ్యపేట బజార్లోని ఆ ఇంటికి ఎవరొచ్చినా, నీరజ మంచినీళ్ళ గ్లాసుతో ముందుగదిలోకి రాగానే ఎవరో ఒకరు ఆ మాట అనాల్సిందే. నీరజ నవ్వుతుంది. ఏం చెయ్యాలి మరి? ప్రాణం కాదంటే, ఇంకేది ప్రాణమని అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి వంటగది గట్టు మీద ఐదు స్టీలు గిన్నెలు వరసగా పెట్టుకుంటుంది. అవి అత్తగారు బాలామణి పనిగట్టుకుని చేయించినవి. ఒకరి తిండి ఒకరికి కలిసిపోతోందని ఒకనాడు ఇంట్లో పెద్ద గొడవైతే, ఆవిడ స్టీలు సామాన్ల కొట్టుకెళ్ళి, ఒకే సైజు గిన్నెలు ఐదు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో పేరు కొట్టించుకొచ్చింది. కోటిలింగం, బాలామణి, అనిల్‌కుమార్, నవనీత్, చందన. మీ కోడలికి వద్దా అమ్మా అని కొట్టతను అడిగాడట. వండేదానికి వేరే గిన్నెందుకయ్యా, వండిన గిన్నె ఉంటుంది గదా అందట ఈవిడ. ఆ సంగతి ఆవిడే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. ఆవిడ మనసులో కల్మషమేమీ లేదు. తనూ ముప్ఫయ్యేళ్ళు వండిన గిన్నెలోనే కలుపుకుని తిన్న మనిషి.

ఆ ఐదు గిన్నెలూ ఎలా నిండుతాయో చెబితే గానీ నీరజ సాయంత్రాలు ఎవరికీ అర్థం కావు. కుక్కర్లో పప్పు ఒక్కటే. దాన్ని మెదిపి, ఉప్పు వెయ్యకముందే రెండు గరిటెలు మామగారు కోటిలింగం గిన్నెలో పొయ్యాలి. ఆయనకి బీపీ. షుగరు కూడా ఉంది కాబట్టి అన్నం లేదు, జొన్నరొట్టె. పళ్ళు లేవు కాబట్టి ఆ రొట్టె వేడివేడిగా పప్పులో నానాలి. తర్వాత ఉప్పేసి, ఇంగువ తాలింపు పెట్టి బాలామణి గిన్నెలోకి తియ్యాలి. ఆవిడ మంత్రోపదేశం తీసుకున్నప్పటి నుంచి ఉల్లీ వెల్లుల్లీ ముట్టదు, శనివారం రాత్రి అన్నమూ ముట్టదు. అప్పుడు రెండో తాలింపు. వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరపకాయలు దండిగా వేసి. అది మొగుడు అనిల్‌కుమార్‌కి. దాని పక్కన వేపుడు లేకపోతే అతను ఏమీ అనడు, కంచం ముందుకు జరుపుతాడు. ఆ చప్పుడు చాలు. కొడుకు నవనీత్ కంచికచర్ల దగ్గర ఇంజనీరింగ్ కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళొస్తాడు, వచ్చి జిమ్ముకి పోతాడు. వాడికి అన్నం పనికిరాదు, పనీరూ మొలకెత్తిన పెసలూ కావాలి. తొమ్మిదో తరగతి చదివే చందన పప్పు పేరెత్తితేనే మొహం చిట్లిస్తుంది. దానికి దోస, దోస మీద చీజు, లేదంటే నూడుల్సు.

వీటిలో ఒక్కటి కూడా నీరజ నాలుక మీద వేసుకుని చూడ్డానికి లేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇంటి పెద్ద మొదటి ముద్ద తినేదాకా వండినది ఎంగిలి చెయ్యకూడదని ఆ ఇంటి ఆచారం. అందుకని వాసనని బట్టే ఉప్పూ కారాలు తేల్చుకోవడం నేర్చుకుంది. అందరూ లేచాక ఐదు గిన్నెల అడుగుల్లో మిగిలినదంతా కుక్కర్లోకి వంచుకుని, అందులోనే ఇంత అన్నం వేసుకుని, గట్టుకి ఆనుకుని తింటుంది. పప్పులో పనీరు ముక్క, దాని మీద చీజు తీగ. ఆ కలగాపులగం ఒక్కోసారి భలే రుచిగా ఉంటుంది కూడాను.

వంటగదికి ఒక కిటికీ ఉంది. దానికెదురుగా పక్కవాళ్ళ గోడౌన్ గోడ. నాలుగున్నరకి ఆ గోడ మీద సన్నటి ఎండ చార ఒకటి పడి, మెల్లగా పైకి పాకుతూ ఐదున్నరకి గోడ దాటి పోతుంది. కుక్కర్ విజిల్స్ కోసం చూస్తూ నీరజ ఆ చారని చూస్తుంటుంది. ఆవిరిలోంచి చూస్తే అది కదులుతుంది, నీళ్ళు కదిలినట్టు. అలా చూడగా చూడగా గోడ కరిగిపోయి, వెనకాల కృష్ణ కనిపించేది. చెవిటికల్లులో ఆమె పుట్టింటి కిరాణా కొట్టు వెనక నుంచి నడిస్తే పది నిమిషాల్లో ఏరు. సాయంత్రం అమ్మ ఒక్క దబరగిన్నెలో పులుసు కాచి, మూత పెట్టి, “పదవే, నీళ్ళు చూసొద్దాం” అనేది. ఇద్దరూ ఒడ్డున కూర్చునేవాళ్ళు. అవతలి గట్టు మసకబారేదాకా అమ్మ ఒక్క మాటా మాట్లాడేది కాదు. తిరిగొచ్చేసరికి పులుసు చల్లారిపోయేది. ఇంటిల్లిపాదీ అదే తినేవాళ్ళు, ఎవరూ చచ్చిపోలేదు. మూడో విజిల్ వినపడగానే ఏరు వెళ్ళిపోయి గోడ తిరిగొచ్చేది.

జాయిస్ ఫోన్ చేసింది అలాంటి ఒక సాయంత్రమే. జాయిస్, నీరజ విజయవాడలో కలిసి బీఈడీ చదివారు. జాయిస్ ఇప్పుడు నందిగామలో టీచరు. ఒక ఎరువుల కొట్టు మేడ మీద, చిన్నప్పుడు బడి మానేసిన ఆడవాళ్ళని పోగేసి సాయంత్రాలు పదో తరగతికి చదివిస్తోంది. మిర్చి యార్డులో తొడిమలు తీసేవాళ్ళు, పత్తి చేలకెళ్ళేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. లెక్కలకీ సైన్సుకీ మనుషులు దొరికారు, తెలుగు చెప్పేవాళ్ళు లేరు. వారానికి మూడు రోజులు, ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. జగ్గయ్యపేట నుంచి బస్సులో ముప్పావుగంట. “నువ్వు పాఠం చెబుతుంటే మన సారు వరండాలో నిలబడి వినేవాడు, గుర్తుందా?” అంది జాయిస్. నీరజకి గుర్తుంది. గుర్తుందని కూడా అప్పటిదాకా గుర్తు లేదు. గరిటె చేతిలోనే ఉండిపోయింది, పప్పు అడుగంటింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్నేహితురాల్ని చూసొస్తానని చెప్పి వెళ్ళింది. మేడ మీద రేకుల గది, కింద నుంచి ఎరువుల ఘాటు, ఆదివారం కాబట్టి మధ్యాహ్నమే పోగైన పద్నాలుగు మంది ఆడవాళ్ళు. జాయిస్ ఉన్నట్టుండి చాక్‌పీస్ చేతిలో పెట్టి, ఏదైనా చెప్పవే అంది. నీరజ ‘నాకు ఇష్టమైన పని’ అని బోర్డు మీద రాసి, దీని మీద ఐదు వాక్యాలు రాయండమ్మా అంది. అందరూ తలలు వంచుకున్నారు. ముందు వరసలో ఆరోగ్యమ్మ అనే ఆవిడ, యాభై దాటి ఉంటాయి, మిరపకాయల ఘాటుకి వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి, పెన్ను పక్కన పెట్టి నిదానంగా అడిగింది.

“ఇష్టమైన పని ఏముంటదండి టీచరుగారూ? పని చేస్తాం. ఇష్టమనేది కూర్చున్నప్పుడు గదండి ఉంటది.”

అందరూ నవ్వారు. నీరజా నవ్వింది. నవ్వుతూనే బోర్డు మీద ‘పని’ అన్న మాట చెరిపేసి, ఆ చోట ‘ది’ చేర్చింది. నాకు ఇష్టమైనది. సరే, ఇప్పుడు రాయండమ్మా అంది. ఆరోగ్యమ్మ రాసింది, అక్షరానికో ఊపిరి తీసుకుంటూ. కాలవ గట్టు మీద ఒక్కదాన్నీ కూచోడం, అని. నీరజ ఆ వాక్యాన్ని దిద్దలేదు. తిరుగు బస్సు చిల్లకల్లు దగ్గర హైవే దిగి పేట దారి పట్టేదాకా ఆమె చేతికి చాక్‌పీస్ పొడి అలాగే ఉంది. దులుపుకోబుద్ధి కాలేదు.

ఇంట్లో చెప్పింది. వద్దని ఎవరన్నా అంటే పోట్లాడొచ్చు. ఎవరూ అనలేదు, అదీ వచ్చిన చిక్కు. చదువు చెప్పడం పుణ్యమేనమ్మా అన్నాడు కోటిలింగం, కాకపోతే తన రొట్టె ఏడింటికల్లా పడాలి, మాత్ర వేసుకోవాలి గదా అన్నాడు. అమ్మా సూపర్, మేం ఏదన్నా ఆర్డర్ పెట్టుకుంటాంలే అన్నాడు నవనీత్. రెండ్రోజులాగి, బయటి తిండిలో ప్రొటీన్ ఉండదన్నాడు. నువ్వు లేకపోతే దోస ఎవరేస్తారని చందన. నేనేమన్నా వద్దన్నానా, వంట సంగతి చూసుకుని ఎక్కడికైనా వెళ్ళు అన్నాడు అనిల్‌కుమార్, టీవీ వైపు చూస్తూ. మధ్యాహ్నమే వండిపెట్టి వెళ్తానంటే చల్లారిన రొట్టె నమలలేనని ఒకరు, మళ్ళీ వేడిచేసిన వేపుడు గడ్డిలా ఉంటుందని ఒకరు. బాలామణి మాత్రం నిజంగానే జాలిపడింది. “ఎందుకే నీకీ తిప్పలు? వంటంటే నీకు ప్రాణం గదా. మూడ్రోజులు చెయ్యకపోతే నీకే తోచదు” అంది.

జాయిస్‌కి ఏమీ చెప్పలేకపోయింది. దసరా సెలవులయ్యాక, ఆ నెలాఖరు సోమవారం నుంచి క్లాసులు మళ్ళీ మొదలెడతానని, ఆ రోజుకి నువ్వు రాకపోతే ఇంకెవర్నన్నా చూసుకోవాలని జాయిస్ అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నీరజకి ఎక్కువ బాధనిపించింది.

అప్పట్నుంచి గోడ మీద ఎండ చారలో కృష్ణతో పాటు ఆ మేడ గది కూడా రావడం మొదలైంది. ఎరువుల ఘాటు తాలింపు ఘాటులో కలిసిపోయేది. పద్నాలుగు మంది గట్టు మీద వరసగా కూర్చుని ఉండేవాళ్ళు, గిన్నెలు ఉండాల్సిన చోట. నీరజ వాళ్ళకి పాఠం చెబుతూ పప్పు తీసేది, పద్యం చదువుతూ దోస తిరగేసేది. పెదాలు కదిలేవి. చందన ఒకసారి చూసి, అమ్మా ఎవరితో మాట్లాడుతున్నావ్ అని అడిగితే, ఎవరూ లేరే అంది.

అలాంటి ఒక మంగళవారం పొరపాటు జరిగిపోయింది. ఆరోగ్యమ్మ ‘క్షమ’ అనే మాట రాస్తోంది, నీరజ చెయ్యి పట్టుకుని దిద్దిస్తోంది, ఆ ఊహలోనే పప్పు గిన్నెల్లోకి వెళ్ళిపోయింది. అందరూ తిన్నారు, లేచారు. మిగిలినవి వంచుకుందామని బాలామణి గిన్నె చేతిలోకి తీసుకుంటే అడుగున ఎర్రగా వేగిన వెల్లుల్లి రెబ్బ. వెంటనే మిగతావి చూసింది. అనిల్‌కుమార్ గిన్నెకి అంటుకున్నది ఉప్పూ కారం లేని చప్పిడి పప్పు. కోటిలింగం గిన్నెలో ఇంగువ తాలింపు, అత్తగారికని తీసినది. అత్తగారి పదేళ్ళ నియమం భంగమైపోయింది. ఎవరికేం అవుతుందో ఏమో. గట్టు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు ఒక్కొక్కరూ తింటూ ఏమన్నారో గుర్తొచ్చింది. ఇవాళ నోటికి హితవుగా ఉందమ్మా, రోజూ ఇలాగే చెయ్యి అన్నాడు మామగారు. అత్తగారు ఇంకో గరిటె వేయించుకుంది. అనిల్‌కుమార్ రోజూ అన్నట్టే అన్నాడు, “ఉప్పు కాస్త ఎక్కువైంది చూసుకో” అని. ఉప్పుకల్లు కూడా లేని పప్పు తింటూ.

నీరజకి మొదట నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఇరవై ఒక్కేళ్ళు. నాలుగింటికి మొదలెట్టి తొమ్మిదింటికి గట్టు తుడిచేదాకా, ఈ ఉప్పూ ఆ కారం, ఈ రొట్టె ఆ దోస. అంతా చేస్తే వాళ్ళ నాలుకకి తెలిసింది ఇంతా? వాళ్ళకి కావాల్సింది ఉప్పు లేని పప్పు కాదు, వెల్లుల్లి లేని పప్పు కాదు. తన పేరున్న గిన్నెలో తనకని ఒకరు ప్రత్యేకంగా ఏదో చేసి పెట్టడం. అంతే. ఆ రుచికి మరిగారు. ఆ రుచి ఎలా ఉంటుందో నీరజకి తెలీదు. తెలిసే దారి కూడా లేదు, ఆమెకి గిన్నె లేదు గదా. ఆ కోపంలో కూడా అత్తగారి నియమం సంగతి ముల్లులా గుచ్చుతూనే ఉంది. చెప్పేద్దామనుకుంది, ధైర్యం చాల్లేదు. ఆవిడకి తెలీకుండా దేవుడి ముందు దీపం పెట్టి లెంపలేసుకుంది.

దసరా వెళ్ళగానే కాశీ ప్రయాణం. కోటిలింగానికి డెబ్బై ఆరు నిండాయి, మరోసారి విశ్వనాథుణ్ణి చూడాలని ఆయన కోరిక. ఊళ్ళో వ్యాపారస్థులంతా కలిసి రైల్లో ఒక పెట్టె మాట్లాడుకుంటే ఆరుగురూ బయల్దేరారు. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకి బాగా ఇష్టమైనదొకటి గంగలో వదిలి రావాలి, ఒకసారి వదిలాక జన్మలో మళ్ళీ దాన్ని ముట్టకూడదు. పన్నెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు బాలామణి కాకరకాయ వదిలేసి వచ్చింది. ఆవిడ అంతకుముందు మాత్రం కాకరకాయ ఎప్పుడు తిన్నది గనక. కోటిలింగం సీతాఫలం వదిలాడు, డాక్టరు ఆ ముందు నెలే మాన్పించాడు. వాళ్ళు హాయిగా వదిలేసి వచ్చారు గానీ, ఏ కూర ఎవరికి నిషిద్ధమో గుర్తుపెట్టుకునే పని నీరజ మీద పడింది.

రైల్లో మళ్ళీ ఆ మాటే వచ్చింది. అనిల్‌కుమార్ సొరకాయ వదిలేస్తానన్నాడు. అతను సొరకాయ పేరు చెబితేనే కంచం జరుపుతాడు. నవనీత్ బెండకాయ, జిగురుగా ఉంటుందని. చందన ఉప్మా అంది. ఉప్మా కాయా పండా అని బాలామణి కసురుకుంటే, కోటిలింగం కలగజేసుకున్నాడు. కాయే అవ్వాలని ఎక్కడుందే, ఇష్టమైనది ఏదైనా వదలొచ్చు, మా సాంబయ్య బాబాయి కాశీలో చుట్ట వదిలేసి వచ్చాడు, మళ్ళీ పోయేదాకా ముట్టలేదు అన్నాడు. పై బెర్తు మీద పడుకున్న నీరజ ఆ మాట విని కళ్ళు తెరిచింది. నువ్వేం వదులుతావని ఆమెని ఎవరూ అడగలేదు. నీళ్ళ సీసా ఎక్కడ పెట్టావని అడిగారు.

కాశీలో నాలుగు రోజులు నీరజ పొయ్యి ముట్టుకోలేదు. సత్రంలో పొద్దునా సాయంత్రం ఒకటే పప్పు, ఒకటే కూర. ఆరుగురూ నేల మీద వరసగా కూర్చుని అదే తిన్నారు. మామగారు అన్నం తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు, ఏమీ కాలేదు. నీరజ అందరితో పాటు కూర్చుని వేడివేడిగా తింది. మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకోగానే నాలుక కాలి, ఉలిక్కిపడింది.

మూడో రోజు సాయంత్రం మగవాళ్ళు, పిల్లలు పడవెక్కి వెళ్తే అత్తాకోడళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళ మీద ఎండ పడి కళ్ళు మూతలు పడుతున్నాయి. అలా కూర్చునే నీరజ ఒక కునుకు తీసింది. కునుకులో ఐదు స్టీలు గిన్నెలు నీళ్ళ మీద తేలుతూ పోతున్నాయి, పేర్లు తళతళ మెరుస్తున్నాయి. అది గంగ కూడా కాదు, చెవిటికల్లు దగ్గర కృష్ణ. ఎవరి గిన్నె కోసం వాళ్ళు మోకాలి లోతు నీళ్ళల్లో నడుస్తూ వెళ్తున్నారు, తొందరేమీ లేకుండా, నవ్వుకుంటూ. ఒడ్డున అమ్మా తనూ కూర్చుని చూస్తున్నారు. పట్టుకోవే అని ఎవరూ అరవడం లేదు.

మెలకువ వచ్చేసరికి బాలామణి ఆమెనే చూస్తోంది. ఆవిడ ఎటో చూస్తున్నట్టు మొహం తిప్పుకుని, మెల్లగా అంది.

“ఆ మంగళవారం నా గిన్నెలో వెల్లుల్లి పడింది.”

“అత్తయ్యా, అదీ...”

“వాసన తెలీకపోతుందా నాకు? ముప్ఫయ్యేళ్ళు వండినదాన్ని. మొదటి ముద్దకే తెలిసింది. పదేళ్ళైంది గదా తిని. బాగుంది, తిన్నా. ఎవరికీ చెప్పమాక.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి బాలామణి భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నీరజకి కూడా నవ్వాగలేదు. అంత పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అందరూ నీళ్ళలో దిగి, దోసిట్లో గంగ పట్టుకుని, వదలాల్సింది మనసులో చెప్పుకున్నారు. నీరజ కళ్ళు మూసుకుంది. నిజంగా ఇష్టమైనదేనా అని తనని తాను ఒకసారి అడిగింది. ఎగతాళికి వదలకూడదు, కోపంతో వదలకూడదు, గంగ దగ్గర అబద్ధం ఆడకూడదు. అమ్మ దబరగిన్నె గుర్తొచ్చింది. పులుసులో మెంతులు చిటపటమన్నప్పుడు ఇల్లంతా కమ్మే వాసన, పెళ్ళైన కొత్తలో గుత్తొంకాయ కూరి నూనెలో పెడుతూ తను తీసిన కూనిరాగం. ఇష్టమే. ఒకప్పుడు చాలా ఇష్టం. అది ఐదు గిన్నెలు కాకముందు. కళ్ళు చెమర్చాయి. దోసిలి విప్పితే చల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి.

తిరిగొచ్చిన మర్నాడే, ఆ నెలాఖరు ఆదివారం, జగ్గయ్యపేటలో కాశీ సమారాధన. వంటకి మనుషుల్ని పెట్టారు. గంగ చెంబులకి పూజ చేసి, చుట్టాలందరికీ కాశీ దారాలు పంచి, భోజనాలకి కూర్చోబెట్టారు. నందిగామ నుంచి బాలామణి చెల్లెలు పుష్పవతి వచ్చింది. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు ఏం వదిలారో అడగందే ఆవిడకి ముద్ద దిగదు. ఒక్కొక్కర్నీ అడిగింది. అనిల్‌కుమార్ సొరకాయ అని గర్వంగా చెప్పాడు. నవనీత్ చెప్పాడు. చందన ఉప్మా అంటే అందరూ నవ్వారు. నీరజ నెయ్యి గిన్నెతో ఆవిడ విస్తరి దాకా వచ్చింది.

“నువ్వేం వదిలావమ్మా నీరజా?”

“సాయంత్రం వంట, పిన్నత్తయ్యా” అంది నీరజ, నెయ్యి వేస్తూ.

పుష్పవతి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. అనిల్‌కుమార్ జోకనుకుని నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. వంట వదలడమేమిటి, అది కాయా పండా అన్నాడు. తాతయ్యే చెప్పాడుగా నాన్నా, సాంబయ్య తాత చుట్ట వదిలాడని, అంది చందన. కోటిలింగం పూర్ణం చప్పరిస్తూ తల కిందకి దించుకున్నాడు. ఇష్టమైనది వదలాలమ్మా, కష్టమైంది కాదు, అని పుష్పవతి నచ్చజెప్పబోయింది.

“ఇష్టమైనదే పిన్నత్తయ్యా. ఇరవై ఒక్కేళ్ళ నుంచీ ఇంట్లో అందరూ చెబుతున్నదే గదా, నాకు వంటంటే ప్రాణమని.”

ఆ మాట ఆ బంతిలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్ళే. రేపు సోమవారం. నాలుగున్నరకి బస్సు. వస్తున్నానని జాయిస్‌కి పొద్దున్నే చెప్పేసింది.

అనిల్‌కుమార్ తల్లి వైపు తిరిగాడు. అమ్మా, నువ్వన్నా చెప్పు, రేపు రాత్రికి మేం ఏం తినాలి అన్నాడు. ఆవిడ వద్దంటే ఆ మాటకి తిరుగు లేదని నీరజకి తెలుసు. నెయ్యి గిన్నె పక్కన పెట్టి చేతులు కట్టుకుంది.

“కాశీలో వదిలింది మళ్ళీ ముట్టుకోకూడదురా” అంది బాలామణి. అని లేచి, మెల్లగా వంటగదిలోకి నడిచింది. నీరజ వెనకే వెళ్ళింది. గట్టు మీద ఐదు గిన్నెలూ వారం రోజుల నుంచి బోర్లించినవి అలాగే ఉన్నాయి. కిటికీ అవతల గోడ మీద మధ్యాహ్నపు నీడ. బాలామణి తన పేరున్న గిన్నె తీసి, కొంగుతో తుడిచి, ఆ అక్షరాల మీద వేలితో రాస్తూ నిలబడింది.

“ముప్ఫయ్యేళ్ళు వండి, పోయి పోయి కాకరకాయ వదిలొచ్చా” అంది. గిన్నె మీద నుంచి కళ్ళెత్తకుండానే మళ్ళీ అంది. “ఇది కూడా వదలొచ్చని నాకెవరూ చెప్పలేదు నీరజా.”